ఖాళీ సీసాల పద్దు

మండపేట బస్టాండు పక్కన మా నాన్నగారికి ఒక కిళ్లీకొట్టు ఉండేది. పేరుకు కిళ్లీకొట్టే గాని, మాఘమాసం పెళ్లిళ్లు మొదలైన దగ్గర్నుంచి మృగశిర కార్తె వచ్చేదాకా మా ఇల్లు గడిచింది మాత్రం కూల్ డ్రింకుల మీదే. 1980లలో కొట్టు ముందు ఒక పెద్ద చెక్కపెట్టె ఉండేది. లోపలివైపు రేకు కొట్టిన ఆ పెట్టెలోకి, ఊక అంటిన ఐసుదిమ్మను గోనెసంచిలో చుట్టి తెచ్చి, సుత్తితో ముక్కలు చేసి, వాటి మధ్య గోల్డ్ స్పాట్, లిమ్కా, థమ్స్ అప్ సీసాలను మెడలదాకా పాతిపెట్టేవారు. ఓపెనరును పురికొసతో పెట్టె చెక్కకు కట్టేవారు, ఎవరైనా జేబులో వేసుకుపోతారని. వచ్చినవాళ్లు ఏ డ్రింకు ఉందని అడగడానికి ముందు "కూలింగ్ ఉందా అండి?" అని అడిగేవారు. చాలామందికి కావలసింది ఆ చల్లదనమే తప్ప కంపెనీ కాదని నాన్నగారి అభిప్రాయం. కంపెనీల వాళ్లు అది ఒప్పుకునేవారు కాదు.

ఆ వ్యాపారంలో నాకు అప్పగించిన పని ఒక్కటే, ఖాళీ సీసాలను వెనక్కి తేవడం. ఆర్టీసీ బస్సు ఆగగానే కిటికీల్లోంచి డబ్బులు చాపేవారు; నాన్నగారు మూతలు తీసి అందించేవారు; అక్కడినుంచి నా కష్టాలు మొదలయ్యేవి. కండక్టరు రెండోసారి "రైట్" అనేలోగా ప్రతి కిటికీ కింద నిలబడి, తాగుతున్నవాళ్ల గొంతులు కదలడం చూస్తూ, సీసా ఎప్పుడు ఖాళీ అవుతుందా అని లెక్కపెట్టుకునేవాణ్ణి. పిల్లల చేతికిచ్చిన సీసాలు ఓ పట్టాన ఖాళీ అయ్యేవి కావు. బస్సు కదిలిపోతుంటే పక్కన పరుగెత్తి, చివరి గుక్క ఇంకా మిగిలి ఉన్న సీసాను లాక్కున్నంత పని చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఊళ్లోవాళ్లు ఇంటికి పట్టుకెళ్తే డిపాజిట్ కట్టాల్సిందే, మేనమామ అయినా సరే.

నాన్నగారి దగ్గర అట్ట చిరిగిన పొడుగు పద్దుపుస్తకం ఒకటి ఉండేది. దానిలో నిండు, ఖాళీ, బద్దలు అని మూడు గడులు. డిస్ట్రిబ్యూటరు బండి వచ్చినప్పుడు ఎన్ని కేసుల ఖాళీలు ఎత్తితే అన్ని కేసుల నిండు సీసాలే దింపేవారు. కేసుకు ఇరవై నాలుగు. ఒక్కటి తగ్గినా ఆ సీసా ఖరీదు మా లాభంలోంచి పోయేది, ఆ ఖరీదు లోపలి పానీయం కంటే ఎక్కువే. పాత సీసాల నడుమున, పైన భుజం దగ్గర, గాజు అరిగి తెల్లగా గరుకుదేలిన పట్టీ ఒకటి కనిపించేది. కేసుల్లో పక్క సీసాలతో రాసుకుని రాసుకుని ఏర్పడిన అరుగుదల అది. ఆ పట్టీ ఎంత వెడల్పుంటే సీసా అన్ని ఊళ్లు తిరిగివచ్చినట్టు. పర్యావరణం అన్న మాట మా బజారులో ఎవరి నోటా వినపడని రోజుల్లో, ఒక్క సీసా కూడా కాలువలో పడకుండా చూసింది ఎవరి సద్బుద్ధీ కాదు. ఆ మూడో గడిలో అంకె పడితే నాన్నగారి ముఖం మాడిపోవడమే.

ఆ రోజుల్లో మా పెట్టెలో కోకాకోలా ఎందుకు లేదో నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు. 1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు ఇక్కడి వ్యాపారంలో తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలి. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ ఆ షరతు దగ్గర పట్టుబట్టారు. వాటాతో పాటు తమ రహస్య ఫార్ములా కూడా చేజారుతుందని కంపెనీ మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయింది. ఆ ఖాళీని పూరించడానికి ప్రభుత్వమే, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ తయారుచేసిన ఫార్ములాతో, మోడరన్ బేకరీస్ ద్వారా 'డబుల్ సెవెన్' అనే కోలాను తీసుకువచ్చింది. ప్రభుత్వం కూల్ డ్రింకులు అమ్మడమేమిటని ఇప్పుడు నవ్వొస్తుంది గాని, అప్పట్లో అది స్వావలంబన. అది నిలవలేదు. నిలిచినవి ఢిల్లీ ప్యూర్ డ్రింక్స్ వారి కంపాకోలా, బొంబాయి పార్లే వారి థమ్స్ అప్. గోల్డ్ స్పాట్, లిమ్కాలు కూడా పార్లేవే కావడం వల్ల మా పెట్టెలో నిజానికి పోటీయే లేదు. అన్నీ ఒకే ఇంటి పిల్లలు.

అన్నీ అంటే తప్పు. పక్కనున్న రామచంద్రపురం నుంచి ఆర్టోస్ వచ్చేది. 1919లో సోడా యంత్రంతో మొదలైన ఆ వ్యాపారం, పెద్ద కంపెనీలు రావడం, పోవడం, మళ్లీ రావడం అన్నీ చూసింది. గోదావరి జిల్లాలో పెళ్లిపందిట్లో ద్రాక్ష ఆర్టోస్ ఇవ్వకపోతే మగపెళ్లివారు ముఖం చిట్లించుకునేవారు. ఏ సినిమా హీరో ప్రకటనా లేకుండా, మూడు నాలుగు జిల్లాల మాటసాయంతో బతికిన సరుకు అది. ఆర్టోస్ బండి నడిపే ఆయన మా ఇంటి పెళ్లిళ్లకు కూడా వచ్చేవాడు. ఖాళీలు ఒకటీ అరా తగ్గితే "వచ్చే వారం సర్దేద్దురుగాని లెండి, ఆయ్" అని ఊరుకునేవాడు. ఆ చనువు పెద్ద కంపెనీల బండి దగ్గర చెల్లేది కాదు.

పాతదంతా బంగారమని చెప్పడం నా ఉద్దేశం కాదు. నారింజ రంగు తప్ప నారింజ పండుకూ గోల్డ్ స్పాట్‌కూ పెద్ద చుట్టరికం లేదు. ఇలాంటి డ్రింకుల్లో సువాసన నూనె పైకి తేలిపోకుండా కలిపే బ్రోమినేటెడ్ వెజిటబుల్ ఆయిల్‌ను 1990లో మన దేశంలో నిషేధించారు. అప్పటిదాకా దాన్ని మేం ఐసులో పెట్టి మరీ అమ్మాము.

పెప్సీ వచ్చిన తీరు విచిత్రమైనది. అమెరికా కంపెనీ కూల్ డ్రింకులు అమ్ముకుంటానంటే ఆ రోజుల్లో అనుమతి దొరకదు కనుక, పంజాబ్ రైతుల పేరు మీద వచ్చింది. పంజాబ్ ఆగ్రో ఇండస్ట్రీస్ కార్పొరేషన్, వోల్టాస్ సంస్థలతో కలిసి, టమాటా ప్రాసెసింగ్ చేస్తామని, ఎగుమతులు చేస్తామని మాట ఇచ్చి 1988లో అనుమతి సంపాదించింది. విదేశీ పేరు ఒక్కటే పెట్టకూడదన్న నిబంధన వల్ల మా కొట్టుకు వచ్చిన మొదటి సీసాల మీద 'లెహర్ పెప్సీ' అని ఉండేది. సామాజిక బాధ్యత అన్న మాట ఇంకా వాడుకలోకి రాకముందే, రైతుకు మేలు చేస్తామన్నది దేశంలోకి ప్రవేశ రుసుముగా పనికివచ్చిందన్నమాట. మా వీధిలో మాత్రం రైతుల సంగతి ఎవరూ ఎత్తలేదు. సీసా మీద బొమ్మ బాగుందన్నారు.

1993 అక్టోబరులో కోకాకోలా ఆగ్రాలో మళ్లీ అడుగు పెట్టింది. అదే ఏడాది పార్లే అధిపతి రమేశ్ చౌహాన్ థమ్స్ అప్, లిమ్కా, గోల్డ్ స్పాట్, సిట్రా, మాజాలను ఆ కంపెనీకే అమ్మేశారు. ఆరు కోట్ల డాలర్లకని అప్పటి పత్రికలు రాశాయి. మా బజారులో దాని ప్రభావం కొంచెం ఆలస్యంగా తెలిసింది. మొదట బండి రంగు మారింది. తరువాత గోల్డ్ స్పాట్ కేసులు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఒక వేసవిలో పూర్తిగా రావడం మానేశాయి. ఆ స్థానంలో ఫాంటా దిగింది. స్కూలు పిల్లలు కొన్నాళ్లు ఫాంటానే "గోల్డ్ స్పాట్" అని అడిగేవారు. థమ్స్ అప్‌ను కూడా అలాగే పక్కకు నెట్టి కోక్‌ను ముందుకు తేవాలని చూశారు గాని, నెట్టిన చోట లాభపడేది పెప్సీయేనని కొన్నేళ్లకు తెలిసివచ్చి, మళ్లీ దానికే పట్టం కట్టారు. ఆంధ్ర దేశంలో థమ్స్ అప్ బలం అలాంటిది. బిర్యానీ తిన్నాక, సారా కొట్టు దగ్గర, జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నప్పుడు, దేనికైనా అదే మందు. చిరంజీవి థమ్స్ అప్‌కూ, తమ్ముడు పవన్ కల్యాణ్ పెప్సీకీ ప్రకటనల్లో కనిపించిన కాలంలో, మా కొట్టు దగ్గర అభిమానులు ఏ సీసా పట్టుకోవాలో తేల్చుకోలేక పడిన అవస్థ చూడముచ్చటగా ఉండేది.

రెండు అమెరికా కంపెనీలూ కలబడిన ఆ పదేళ్లలో యుద్ధమంతా టీవీలోనే జరిగిందని చాలామంది అనుకుంటారు. 1996 క్రికెట్ ప్రపంచకప్‌కు కోకాకోలా అధికారిక పానీయం హోదా కొనుక్కుంటే, పెప్సీ 'నథింగ్ అఫిషియల్ అబౌట్ ఇట్' అని ఎకసెక్కం ఆడి, ఆ హోదా లేకుండానే జనం నోళ్లలో నానింది. అది నిజమే. కానీ అసలు యుద్ధం గోడల మీదా, ఫ్రిజ్‌లలోనూ జరిగింది. బస్టాండు ఎదుటి మేడగోడ సంక్రాంతికి ఎర్రగా ఉంటే ఉగాదికి నీలంగా మారేది. ఇంటివారికి సున్నం ఖర్చు కలిసివచ్చేది. 2002లో హిమాచల్ ప్రదేశ్‌లో మనాలి, రోహ్తాంగ్ దారిలో కొండరాళ్ల మీద కూడా ఈ కంపెనీల ప్రకటనలు పులిమారని సుప్రీంకోర్టు కోప్పడిన వార్త చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. మా ఊళ్లో కొండలు లేవు గనుక గోడలతో సరిపెట్టుకున్నారు.

మా చెక్కపెట్టె పోయి అద్దాల ఫ్రిజ్ వచ్చింది ఆ రోజుల్లోనే. ఒక కంపెనీ దాన్ని ఉచితంగా ఇచ్చింది. షరతు ఏమిటంటే అందులో వేరేవాళ్ల సరుకు పెట్టకూడదు. నాన్నగారు కొన్నాళ్లు బుద్ధిగానే ఉన్నారు. ఆ తర్వాత అడుగు అరలో, నీళ్ల సీసాల వెనుక, ఆర్టోస్ సీసాలు చేరాయి. కంపెనీ కుర్రవాడు వచ్చి, వంగి, సీసాలను ఒక్కొక్కటిగా బయటకు తీసి బల్లమీద వరుసగా పేర్చి, "బాబాయ్ గారూ, ఇలాగైతే పైవాళ్లకు నేనేం చెప్పుకోవాలండి? ఫ్రిజ్ ఎత్తుకెళ్లిపోమంటారండి" అన్నాడు, పాపం కళ్లనీళ్ల పర్యంతమై. నాన్నగారు అతనికి ఒక ఆర్టోస్ మూత తీసి ఇచ్చారు. అతను తాగాడు కూడా. ఫ్రిజ్ మాత్రం ఆ వేసవి గడవకముందే వెళ్లిపోయింది.

ఈ పోరు తీవ్రమైన కొద్దీ ధర తగ్గింది. 2003 వేసవిలో 200 మిల్లీలీటర్ల సీసాను అయిదు రూపాయలకే అమ్మినప్పుడు కూలివాళ్లు కూడా రోజూ తాగే సరుకైంది. అదే కాలంలో ప్లాస్టిక్ సీసాలు ఊరూరా పాకాయి. కొన్నవాడు పట్టుకుపోతాడు, పరుగెత్తక్కర్లేదు, బద్దలు కావు, డిపాజిట్ గొడవ లేదు. వ్యాపారం తేలికైందని నాన్నగారు మొదట్లో సంతోషించారు. పద్దుపుస్తకంలో ఖాళీల గడి వెలవెలబోయి, ఆ తర్వాత పుస్తకమే అటకెక్కింది. గోదావరి డెల్టాలో ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. చిన్నప్పుడు కట్టేసిన కాలువలోకి దిగితే బురదలో నత్తగుల్లలు, మట్టపిల్లలు దొరికేవి. తరువాతి కాలంలో నీరు తీయగానే, వంతెన కానాల దగ్గర ముందు బయటపడేవి మూతబిగించిన ప్లాస్టిక్ సీసాలే, మేం అమ్మినవి కూడా అందులో ఉండి ఉంటాయి. వాటి మీద పేర్లు ఎర్రవీ నీలివీ కలిసే ఉండేవి. పోటీదారులు అక్కడ సఖ్యంగా ఉన్నారు.

అలాంటి సఖ్యత మరొక్కసారి చూశాను. 2003 ఆగస్టులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్, సునీతా నారాయణ్ నాయకత్వంలో, పన్నెండు బ్రాండ్ల కూల్ డ్రింకుల్లో పురుగుమందుల అవశేషాలు ఉన్నాయని ప్రకటించింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోని రెండు కంపెనీల భారత అధిపతులూ ఒకే బల్ల ముందు కూర్చుని విలేకరులతో మాట్లాడారు. శరద్ పవార్ అధ్యక్షతన వేసిన సంయుక్త పార్లమెంటరీ సంఘం 2004 ఫిబ్రవరిలో ఆ ఫలితాలు సరైనవేనని చెప్పింది. ఆ ఏడే గుంటూరు జిల్లాలో కొందరు రైతులు పత్తి, మిరప చేలకు మందు బదులు కూల్ డ్రింకు కొడుతున్నారని వార్తలు వచ్చాయి. చక్కెరకు చీమలు చేరి పురుగు పిల్లలను తినేస్తాయి తప్ప డ్రింకులో మహత్తేమీ లేదని తెలిసినవారు వివరించారు గాని, అయిదు రూపాయల సీసా పురుగుమందు డబ్బా కంటే చవక అన్న లెక్క రైతుకు ముందే తెలుసు. మా కొట్టులో అమ్మకాలు నెలా రెండు నెలలు పడిపోయి, మళ్లీ పుంజుకున్నాయి.

నా మనసులో ఎక్కువకాలం నిలిచిపోయింది కేరళ కథ. పాలక్కాడ్ జిల్లా ప్లాచిమడలో 2000లో కోకాకోలా కర్మాగారం మొదలయ్యాక చుట్టుపక్కల బావులు ఇంకిపోయాయనీ, మిగిలిన నీళ్లు నోట పెట్టుకోలేకుండా ఉన్నాయనీ ఆదివాసులు 2002 ఏప్రిల్‌లో కర్మాగారం గేటు ఎదుట దీక్షకు కూర్చున్నారు. ముందు నిలిచినది మయిలమ్మ అనే ఆదివాసీ స్త్రీ. కర్మాగారంలో మిగిలిన మడ్డిని ఎరువని చెప్పి రైతులకు ఇచ్చారు. ఆ మడ్డిలో కాడ్మియం, సీసం ఉన్నాయని బీబీసీ రేడియో 2003లో పరీక్ష చేయించి బయటపెట్టింది. పెరుమట్టి పంచాయతీ లైసెన్సు రద్దుచేసింది. 2004 మార్చిలో ఉత్పత్తి ఆగింది, మళ్లీ మొదలు కాలేదు. నష్టం 216 కోట్ల రూపాయల పైమాటేనని 2010లో ప్రభుత్వం వేసిన సంఘం లెక్కగట్టింది. కర్మాగారం అడుగంటా తోడిన నీళ్లే బాధలకు మూలమని కంపెనీ ఏనాడూ అంగీకరించలేదు. కాని 2007లో తాము వాడిన నీటికి సమానమైన నీటిని ప్రకృతికి తిరిగి ఇస్తామని ప్రపంచానికి మాట ఇచ్చింది. 2015 నాటికి ఆ మాట నిలబెట్టుకున్నామని ప్రకటించింది. పెప్సీ భారత విభాగం అంతకన్నా ముందే, 2009లోనే, తీసుకున్నదానికంటే ఎక్కువ నీటిని తిరిగి ఇస్తున్నామని చెప్పుకుంది. పోటీ ఇక్కడికి కూడా వచ్చిందన్నమాట. ఒకచోట తోడి వేరొకచోట చెరువు తవ్వితే మొత్తం మీద లెక్క సరిపోవచ్చు. ఎండిపోయిన బావి గలవాడికి ఆ మొత్తంతో పనేముంది?

నేను చదువుకుని ఆడిట్ ఉద్యోగంలో చేరాను కాబట్టి ఈ లెక్కలు ఎలా తయారవుతాయో దగ్గరగా చూసే అవకాశం కలిగింది. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను, 500 కోట్ల నికర విలువో, 1000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుచేయాలంటుంది. 2014 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. దానివల్ల మేలు జరగలేదని నేననను. ఆడపిల్లల బడుల్లో మరుగుదొడ్లు వచ్చాయి, అవి వాడుకలోనూ ఉన్నాయి. ఒక పానీయాల సంస్థ ఒక పల్లెలో కట్టించిన మంచినీటి శుద్ధి కేంద్రాన్ని కూడా చూశాను. రంగుల బోర్డు చెక్కుచెదరలేదు, లోపల ఫిల్టరు మార్చినవాడు మాత్రం లేడు. ఖర్చు పెట్టిన ఏడాది పుస్తకాల్లో అంతా సక్రమమే. ఆ చట్టం కింది నియమాల్లో నన్ను ఆపినది ఒక చిన్న వాక్యం. కంపెనీ తన మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని ఏదీ ఈ 2 శాతంలోకి రాదు. అంటే ఒక కంపెనీ రేపు తన సీసాలన్నిటినీ పాత పద్ధతిలో వెనక్కి తీసుకున్నా, అది బాధ్యత ఖాతాలో రాసుకోవడానికి వీలులేదు. అదే కంపెనీ కాలువగట్టు మీద సీసాలు ఏరే కార్యక్రమం ఒకటి పెట్టి, టోపీలు పంచి, ఫొటో తీయించుకుంటే రాసుకోవచ్చు. నియమం తర్కబద్ధమైనదే, లేకపోతే ప్రతి ఖర్చునూ పుణ్యమని చూపిస్తారు. కానీ మా నాన్నగారి పద్దు ఆ చట్టం దృష్టిలో ఏ గడిలోనూ పడదు.

ప్లాస్టిక్‌కు విడిగా నియమాలు ఉన్నాయి. అమ్మిన ప్లాస్టిక్‌ను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారుదేనని 2016 నియమాలు చెప్పాయి. 2022లో లక్ష్యాలు, గడువులు పెట్టారు. గట్టి ప్లాస్టిక్ ప్యాకింగులో 2025-26 నుంచి 30 శాతం, క్రమంగా పెరిగి 2028-29 నాటికి 60 శాతం పాత ప్లాస్టిక్ కరిగించి చేసినదే ఉండాలన్నారు. తన సీసాను తానే వెతికి తెచ్చుకోనక్కరలేదు. నమోదైన రీసైక్లరు దగ్గర అంత బరువుకు సర్టిఫికెట్ కొనుక్కుంటే సరిపోతుంది.

మొన్న వేసవిలో ఇంటికి వెళ్లినప్పుడు ఇదంతా నాన్నగారికి చెప్పాను. కొట్టు ఇప్పుడు మా పినతండ్రి కొడుకు చూసుకుంటున్నాడు. ఢిల్లీ ప్యూర్ డ్రింక్స్ నుంచి రిలయన్స్ కొనుక్కుని 2023లో మళ్లీ తెచ్చిన కంపా, పది రూపాయల ధరతో, ఎర్ర, నీలి ఫ్రిజ్‌ల మధ్య మూడో ఫ్రిజ్‌గా నిలబడింది. ముగ్గురు కంపెనీల కుర్రాళ్లూ వంతులవారీగా వచ్చి పక్కవాడి అరల్లోకి తొంగిచూసి పోతున్నారట. నాన్నగారు అదంతా విని, సర్టిఫికెట్ సంగతి దగ్గర ఆపి, "అంటే సీసా రాకపోయినా వచ్చినట్టు చీటీ ఇస్తారట్రా?" అన్నారు. వేరే సీసా ఏదో వచ్చి ఉంటుంది, బరువు సరిపోతుంది అన్నాను. "మరి ఆ రోజుల్లో మన బండివాడితో ఈ మాట అంటే ఒప్పుకునేవాడా?" అని, మా వాణ్ణి పిలిచి, సాయంత్రం తుక్కుబండి వచ్చేలోగా కొట్టు వెనుక పడున్న సీసాలు ఏరి బస్తాకెత్తమని పురమాయించారు. కిలో ఎంతకు కొంటున్నారో కూడా వాకబు చేశారు.